ఒక స్టేటస్, ఒక బహిష్కరణ: కలపకూడని రెండు పంచాయితీలు

నేపథ్యం

ఈ కేసు 2025 వేసవిలో తెలంగాణలోని ఒక మున్సిపల్ పట్టణంలో నడిచింది. నేను జిల్లా కోర్టులో న్యాయవాదిని. మధ్యవర్తిత్వంలో శిక్షణ పొందాను కాబట్టి ఆస్తి, కుటుంబ తగాదాలతోపాటు ఊరందరికీ సంబంధించిన వివాదాల్లో కూడా అప్పుడప్పుడు కూర్చుంటుంటాను. పట్టణం పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. వృత్తులు, బంధుత్వాలు కొన్నిచోట్ల మార్చాను. గొడవకు కారణమైన వాక్యాన్ని కూడా రాయడం లేదు, ఎందుకంటే దాన్ని మళ్లీ చలామణిలోకి తెస్తే ఈ కేసు గురించి పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి మరీ కాల్చారని బతికి బయటపడినవారు చెప్పిన మాటలు ఆ రాత్రికే అందరి ఫోన్లలోకీ చేరాయి. మృతుల్లో విశాఖపట్నం వాసి, కావలికి చెందిన వ్యక్తి, హైదరాబాద్‌లో పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ అధికారి ఉండటం వల్ల ఇక్కడివారికి అది ఎక్కడో జరిగిన సంగతి అనిపించలేదు. పర్యాటకులను కాపాడబోయి చనిపోయిన స్థానిక గుర్రాల నిర్వాహకుడు ముస్లిం అన్న వార్త కూడా వచ్చింది గానీ, మా పట్టణపు గ్రూపుల్లో దాన్ని పంచుకున్నవారు తక్కువ. ఏప్రిల్ 25 శుక్రవారం నమాజుకు నల్ల బ్యాడ్జీలతో రావాలని హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ పిలుపునిచ్చారు. మా పట్టణంలోని పెద్ద మసీదులోనూ ఆ రోజు చాలామంది చేతికి నల్లగుడ్డ కట్టుకునే నమాజు చేశారు, ఇమాం తన ప్రసంగంలో ఆ హత్యలను పాపమని అన్నారు. ఈ సంగతి తర్వాత జరిగిన చర్చలో చాలా కీలకమైంది కాబట్టి ముందే చెబుతున్నాను.

పట్టణంలో ముస్లింల జనాభా ఎక్కువేమీ కాదు. కానీ గాజులు, టైలరింగ్, మోటారు మెకానిక్, వెల్డింగ్, పండ్ల బండ్లు, టెంట్ హౌస్ వంటి పనుల్లో వారే ఎక్కువ. ఆదివారం అంగడి సగం వారి బండ్లతోనే నిండుతుంది. పీర్ల పండుగకు హిందువులు కూడా దట్టీలు కట్టే ఊరు ఇది. ఈ చివరి మాట చెప్పి "మా దగ్గర అట్లాంటివి జరగవు" అని తేల్చేయడం మా పెద్దలకు అలవాటు. ఆ ధీమా ఈ కేసులో ఎందుకూ కొరగాలేదు.

మసీదు కమిటీలోని వయసు మళ్లినవారి మనసులో మరో పాత భయం ఉంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకుల్లో పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం వారికి పరిహారం ప్రకటిస్తే, ఆ పరిహారం చెల్లదని హైకోర్టు 2013లో తీర్పు ఇచ్చింది. అందువల్ల ఎక్కడ బాంబు పేలినా, తుపాకీ మోగినా తమ పిల్లల పేర్లు ఎవరో ఒక జాబితాలో రాస్తారన్న ఆందోళన వారిలో మొదటి క్షణం నుంచే మొదలవుతుంది.

ఎదురైన సమస్య

దాడి జరిగిన మరునాటి రాత్రి డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు వాట్సాప్ స్టేటస్‌లో రెండు వాక్యాలు పెట్టాడు. మొదటిది మృతులకు నివాళి, రెండోది మహమ్మద్ ప్రవక్త మీద బూతు. ఇంట్లోవాళ్లు చూసి తిట్టడంతో కాసేపటికి తీసేశాడు గానీ, అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసుకున్నారు. తెల్లవారేసరికి అది పక్క మండలాల దాకా పాకింది. మధ్యాహ్నానికి పోలీస్ స్టేషన్ ముందు వందలమంది చేరి అరెస్టు చేయాలని కూర్చున్నారు. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం), 299 (దురుద్దేశంతో మతాన్ని అవమానించడం), 353(2) (ద్వేషం రెచ్చగొట్టే ప్రచారం) సెక్షన్ల కింద ఎఫ్ఐఆర్ నమోదు చేశారు.

అదే సాయంత్రం ఇంకో సందేశం తిరిగింది. అందులో ముస్లింల దుకాణాల పేర్లు వరుసగా రాసి, వీరి దగ్గర ఏమీ కొనవద్దని, దుకాణాలు అద్దెకిచ్చినవారు ఖాళీ చేయించాలని ఉంది. ఆదివారం అంగడిలో పండ్ల బండ్ల దగ్గర జనం లేరు. ఇద్దరు ముగ్గురు యజమానులు నిజంగానే కిరాయిదారులకు నెల గడువు పెట్టారు. మరోవైపు విద్యార్థి తండ్రి కిరాణా దుకాణం బోర్డు ఫొటో, విద్యార్థి చెల్లెలి ఫొటో ఎవరో బయటపెట్టారు. ఆ పిల్ల కాలేజీ మానేసింది. విద్యార్థి కులసంఘం వచ్చి మసీదు ముందు క్షమాపణ చెప్పాలని కొందరు యువకులు పట్టుబట్టారు.

ఈ రెండు వైపుల ఒత్తిడినీ సమానమని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఒకవైపు ఒక కుటుంబం భయంతో తలుపులు మూసుకుంది. మరోవైపు ఒక మతంవారందరి జీవనాధారానికే ఎసరు వచ్చింది. అయితే రెండింటి వెనకా ఉన్న తర్కం ఒక్కటే: తప్పు చేసినవాడు చేతికి అందకపోతే, వాడిలా కనిపించేవాడి చేత జవాబు చెప్పించడం. ఈ తర్కానికి మనిషి కూడా అక్కర్లేదు, ఒక పేరు చాలు. దేశ విభజన తర్వాత వలస వచ్చిన సింధీ హిందూ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో పెట్టిన కరాచీ బేకరీ మీద, ఆ పేరున్న పాపానికి, 2025 మే నెలలో శంషాబాద్‌లో దాడి జరిగింది.

నా పాత్ర గురించి తీసుకున్న నిర్ణయం

మొదట విద్యార్థి తండ్రి వచ్చి వకాలత్ తీసుకోమన్నారు. మర్నాడు మసీదు కమిటీ అధ్యక్షుడు, అందరూ సదర్ సాబ్ అని పిలిచే పెద్దాయన, ఫిర్యాదుదారు తరఫున చూడమని కబురు పెట్టారు. ఇద్దరికీ కాదన్నాను. ఒకరి తరఫున కోర్టులో నిలబడ్డవాడు ఇద్దరి మధ్యా కూర్చోలేడు, ఆ పట్టణంలో వాదించడానికి వకీళ్లు చాలామంది ఉన్నారు గానీ ఇద్దరితోనూ మాట్లాడగలిగే స్థితిలో ఉన్నవారు తక్కువ. విద్యార్థి తరఫున నాకంటే జూనియర్ అయిన ఒక న్యాయవాది నిలబడ్డారు. నాతోపాటు రిటైరైన తెలుగు మీడియం హెడ్మాస్టరు ఒకరు, ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకరు కలిశారు. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం ఇరుగుపొరుగు శాంతికి భంగం కలిగించే వివాదాల కోసం ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఊహించింది. మేం ఆ చట్టం కింద పనిచేయలేదు, ఆ అమరికను మాత్రం అరువు తెచ్చుకున్నాం.

అదే చట్టం మొదటి షెడ్యూలులో క్రిమినల్ నేరాల ప్రాసిక్యూషన్‌ను మధ్యవర్తిత్వానికి తగని వివాదాల్లో చేర్చారు. కాబట్టి తొలి రోజే అందరికీ చెప్పాం: ఎఫ్ఐఆర్ గురించి మేం మాట్లాడం, దాని సంగతి కోర్టు చూసుకుంటుంది. ఈ మాట చాలామందికి నచ్చలేదు. "మరి దేని గురించి కూసుంటున్నరు సారూ?" అని వర్తక సంఘం కార్యదర్శి అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి కొంతకాలం పట్టింది.

మొదట ప్రయత్నించినవి, అవి ఎందుకు నిలవలేదు

మేం రాకముందే స్టేషన్‌లో శాంతి సంఘం సమావేశం జరిగి ఒక ఉమ్మడి ప్రకటన ముసాయిదా తయారైంది. అందులో మూడు అంశాలు ఉన్నాయి. విద్యార్థి క్షమాపణ చెబుతాడు, ఫిర్యాదుదారు కేసు వాపసు తీసుకుంటాడు. వర్తకులు బహిష్కరణ ఆపుతారు. మసీదు కమిటీ ఉగ్రవాదాన్ని ఖండిస్తూ లిఖితపూర్వకంగా సంతకం చేస్తుంది. పైకి చూస్తే ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం, తలా కొంచెం తగ్గినట్టు ఉంది. పోలీసులకూ, రెవెన్యూ అధికారులకూ నచ్చింది. నేను కూడా మొదట దీన్నే సవరించి నిలబెట్టవచ్చేమో అని చూశాను. కానీ ఒక్కో అంశాన్ని విడదీసి చూస్తే ఏదీ నిలవదని తేలింది.

కేసు వాపసు సంగతి తీసుకుందాం. 299వ సెక్షన్ రాజీకి వీలైన నేరం కాదు, 196 కూడా కాదు. మతభావాలను గాయపరిచే మాటలకు సంబంధించి రాజీకి వీలున్నది 302వ సెక్షన్ ఒక్కటే, ఇక్కడ అది పెట్టలేదు. ఫిర్యాదుదారు కాగితం రాసిచ్చినంత మాత్రాన ఎఫ్ఐఆర్ పోదు, దాన్ని హైకోర్టే రద్దు చేయాలి. మరోపక్క 196, 299 సెక్షన్ల కింద కోర్టు విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇవ్వాలి. అంటే స్టేషన్‌లో కూర్చున్న పెద్దలందరూ తమ చేతిలో లేని సరుకుకు బేరం ఆడారు. రేపు ఆ మాట నిలబడకపోతే బహిష్కరణ మళ్లీ మొదలవడానికి అదే సాకు అవుతుంది.

మూడో అంశం ఇంకా లోతైన చిక్కు. మసీదు కమిటీ సంతకం పెట్టదని ఎవరూ అనుకోలేదు. శుక్రవారమే ఇమాం ఖండించారు కదా, దాన్నే కాగితం మీద పెట్టడానికి అభ్యంతరమేమిటని హెడ్మాస్టరు వాదించారు. టీచరమ్మ జవాబు నాకు సరైనదనిపించింది. శుక్రవారం చెప్పింది తమంతట తాము చెప్పింది, ఇప్పుడు అడుగుతున్నది పండ్ల బండి దగ్గర జనం రావడానికి కట్టే రుసుము. ఆ రుసుము ఒకసారి కడితే, వచ్చేసారి ఎక్కడ ఏ హత్య జరిగినా గాజుల దుకాణం తెరవాలంటే మళ్లీ కట్టాల్సి వస్తుంది. గాజుల వ్యాపారి ఇదే మాట తన పద్ధతిలో అన్నాడు: "నేను దేనికి మాఫీ అడగాలె వకీల్ సాబ్? చచ్చిపోయినోళ్ల మీద నాక్కూడ ఏడుపొచ్చింది. గని చంపినోళ్లకు నాకు ఏం సంబంధం?"

ఈ మూడూ ఒకే కాగితం మీద ఉండటమే అసలు సమస్య అని అప్పుడు మాకు అర్థమైంది. క్షమాపణకు బదులుగా బహిష్కరణ ఎత్తివేత అని రాస్తే, విద్యార్థి క్షమాపణ ముస్లిం వర్తకులకు దక్కిన ఉపకారంగానూ, వర్తకుల బతుకు విద్యార్థి మాటకు తాకట్టుగానూ మారుతుంది. విద్యార్థి రేపు ఎదురు తిరిగితే పండ్ల బండివాడు నష్టపోవాలి. తన మాటకు విద్యార్థి ఒక్కడే బాధ్యుడు, పహల్గాంలో తుపాకీ పట్టినవారి నేరానికి వారే బాధ్యులు. ఈ రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాల్లో ఉండాలి.

రెండో ప్రయత్నం క్షమాపణ పత్రం. విద్యార్థి తరఫు న్యాయవాది జాగ్రత్తగా ఒక పేరా రాశారు, అందులో "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అన్న పదబంధం ఉంది. ఆమె జాగ్రత్తకు బలమైన కారణం ఉంది. 299వ సెక్షన్ కింద నేరం రుజువు కావాలంటే ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించి ఉండాలి. ఆ సెక్షన్ పూర్వరూపమైన 295ఎ చెల్లుతుందని 1957లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినప్పుడు కూడా, తెలియక లేదా అజాగ్రత్తగా చేసిన అవమానం దాని కిందికి రాదని స్పష్టం చేసింది. పత్రికా ముఖచిత్రం మీద ధోనీని విష్ణువు రూపంలో చూపించినందుకు అనంతపురం కోర్టులో వేసిన కేసును సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది ఆ కారణంతోనే. వాట్సాప్ స్టేటస్‌ల మీద 153ఎ (ఇప్పటి 196వ సెక్షన్ పూర్వరూపం) కింద పెట్టిన ఒక కేసును 2024 మార్చిలో అదే కోర్టు రద్దు చేస్తూ, మాటల ప్రభావాన్ని స్థిరచిత్తులైన సామాన్యుల ప్రమాణంతో కొలవాలి గానీ ప్రతిదానికీ బెదిరిపోయేవారి ప్రమాణంతో కాదని గుర్తుచేసింది. విద్యార్థికి గట్టి డిఫెన్స్ ఉంది. నేరాన్ని ఒప్పుకున్నట్టు కనిపించే కాగితం రాయించి ఆ డిఫెన్స్‌ను తానే పాడుచేయడం ఏ న్యాయవాదికీ తగదు.

కానీ ఆ పేరా చదివిన సదర్ సాబ్ నవ్వారు. "దెబ్బతిని ఉంటే అంటే ఏంది? దెబ్బ తిన్నది కాబట్టే కదా ఇంతమంది ఇక్కడున్నరు" అన్నారు. కోర్టులో బలంగా నిలిచే పేరా గాయపడినవాడి ముందు పనికిరాలేదు. వాడి ముందు నిలిచే పేరా రాస్తే కోర్టులో కొంప ముంచుతుంది. కాగితం దారిలో ఇంతకంటే ముందుకు పోలేమని ఇక్కడ నిర్ణయించాం.

ఇంకో దారిని పరిశీలించి వదిలేశాం. బహిష్కరణ సందేశం మీద ఫిర్యాదు చేయడానికి చట్టంలో చోటుంది. ఒక మతానికి చెందినవారు కాబట్టి వారు దేశానికి నమ్మకంగా ఉండలేరని ప్రచారం చేయడం, పౌరులుగా వారి హక్కులు తీసేయాలని చెప్పడం 197వ సెక్షన్ కింద నేరం. ద్వేష ప్రసంగాల మీద ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా పోలీసులే కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ సంగతి ముస్లిం వర్తకులకు వివరించాం, నిర్ణయం వారికే వదిలాం. వారు వద్దన్నారు. రెండో ఎఫ్ఐఆర్ వస్తే దాన్ని మొదటిదానితో చెల్లుకు చెల్లు పెట్టమని మర్నాడే ఎవరో ఒకరు అడుగుతారని వారి అంచనా, నా అంచనా కూడా అదే. ఇది అన్ని చోట్లా సరైన నిర్ణయం కాకపోవచ్చు. ఒక్క బండి మీద దాడి జరిగినా నేను వేరే సలహా ఇచ్చేవాణ్ని.

పనిచేసినవి

మేం మూడు విషయాలనూ విడదీసి, దూషణనూ బహిష్కరణనూ వేరువేరు గదుల్లో పెట్టాం. దూషణ గురించి మాట్లాడే చోట వర్తక సంఘం ఉండదు. బహిష్కరణ గురించి మాట్లాడే చోట విద్యార్థి పేరు ఎత్తకూడదు. ఉగ్రవాద ఖండన ఏ గదిలోనూ షరతుగా ఉండదు.

మొదటి గది టీచరమ్మ ఇల్లు. విద్యార్థి, అతని తల్లి, సదర్ సాబ్, ఫిర్యాదు చేసిన యువకుడు, మేం ముగ్గురం. ఫోన్లు బయట బుట్టలో పెట్టించాం, రాత ఏమీ లేదు. నేరపు ఒప్పుకోలు పోలీసులకు చెప్పింది చెల్లదు గానీ ఇతరులకు చెప్పింది సాక్ష్యంగా రావచ్చు కాబట్టి, అక్కడ విన్నది బయట చెప్పబోమని కూర్చున్నవాళ్లందరూ మాట ఇచ్చాకే డిఫెన్స్ న్యాయవాది ఒప్పుకున్నారు. చట్టం ఇచ్చే రక్షణ కాదు అది, మనుషుల మాట. ఆ రిస్కు విద్యార్థికీ తల్లికీ విడిగా వివరించాం, వద్దనుకుంటే ఆగిపోవచ్చని చెప్పాం. అక్కడ అతను అన్న ఒక్క మాటను, ఆ తర్వాత అతని అనుమతితోనే, ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు పెట్టావని సదర్ సాబ్ అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అన్నాడు: "చంపినోళ్లు నా ఫోన్ల లేరు సార్. నా ఫోన్ల ఉన్నది మీరే."

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ వాక్యం. అప్పటిదాకా దూషణ ఒక సమస్య, అందరి మీదా వేసే నింద వేరే సమస్య అని మేం చూస్తున్నాం. నిజానికి దూషణ ఆ నిందకు ఒక రూపమే. చేతికందని హంతకుడి మీద కోపం, కాంటాక్ట్ లిస్టులో ఉన్న సహవిద్యార్థి గౌరవించేదాని మీద పడింది. మతాన్ని విమర్శించాలన్న ఆలోచన అతనికి ఎప్పుడూ లేదు, ఇస్లాం గురించి తెలిసింది కూడా శూన్యం. విమర్శకు ఒక విషయం ఉంటుంది, ఇక్కడ విషయమే లేదు.

సదర్ సాబ్ వెంటనే కరిగిపోలేదు. "మరి రేపు ఎవడన్నా మా మతం గురించి ఏదన్నా రాస్తే మేం నోరు మూసుకోవాలెనా?" అని అడిగారు. హెడ్మాస్టరు నాస్తిక కేంద్రం గురించి చెప్పారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పుట్టి తర్వాత విజయవాడకు మారిన ఆ సంస్థ దేవుడు లేడని బహిరంగంగా చెబుతూ ఇన్ని దశాబ్దాలుగా తెలుగువారి మధ్యనే ఉంది. నమ్మకాన్ని కాదనడానికి చోటుండాలి, ఎదురు వాదించడానికీ ఉండాలి, కేసు పెట్టడం అన్నిటికంటే చివరి మెట్టు. నేను 295ఎ పుట్టుక చెప్పాను. ప్రవక్త మీద కరపత్రం వేసిన ప్రచురణకర్తను 1927లో లాహోర్ హైకోర్టు విడిచిపెడితే, ఆ ఆగ్రహాన్ని చల్లార్చడానికి అదే ఏడాది ఈ సెక్షన్ తెచ్చారు. చట్టం వచ్చాక కూడా 1929లో ఆ ప్రచురణకర్తను పొడిచి చంపారు. శిక్షించే సెక్షన్ ఉంటే కోపం తగ్గుతుందన్న ఆశ ఆ సెక్షన్ పుట్టిన చోటే వమ్మయింది. సదర్ సాబ్ దీనికి ఒప్పుకున్నారని అనను. అయితే కులసంఘం వచ్చి క్షమాపణ చెప్పాలన్న డిమాండ్‌ను ఆ రాత్రే ఆయన ఆపించారు. "వాని మాటకు వాడే జవాబు. వాని చెల్లెకేం సంబంధం?" అని తన పిల్లలతో అన్నారట. మర్నాడు ఆ ఫొటో తిరిగిన గ్రూపుల్లోంచి చాలావరకు తీసేయించారు.

విద్యార్థి ఆ గదిలోనే, షరతులు లేకుండా, సదర్ సాబ్‌నూ ఫిర్యాదు చేసిన యువకుణ్నీ చూస్తూ క్షమించమన్నాడు. బయట ఎక్కడా వీడియో రాలేదు. క్షమాపణ వీడియో తీసి తిప్పాలని మొదట్లో ఇరువైపులా ఒత్తిడి ఉంది. నేను గట్టిగా వద్దన్నాను, ఎందుకంటే తల వంచుకున్న కుర్రాడి వీడియో ఇంకో పట్టణంలో ఇంకో గుంపుకు ఆయుధమవుతుంది.

రెండో గది చాలా మామూలుగా నడిచింది, ఇక్కడ ఉపన్యాసాలు ఏమీ పనిచేయలేదు. వర్తక సంఘంతో సమష్టిగా మాట్లాడటం మానేసి, నోటీసు ఇచ్చిన యజమానులతో ఒక్కొక్కరినీ విడిగా కలిశాం. సంఘంలో కూర్చున్నప్పుడు ఎవరూ మొదటగా వెనక్కి తగ్గరు. ఇంట్లో కూర్చుంటే మాత్రం అద్దె అగ్రిమెంటు గడువు, అడ్వాన్సు తిరిగివ్వాల్సిన మొత్తం, కొత్త కిరాయిదారు దొరుకుతాడా లేదా అన్న లెక్కలు వాళ్లే బయటకు తీశారు. అంగడి తైబజారు (బండ్ల దగ్గర వసూలు చేసే రుసుము) వేలం పాడిన కాంట్రాక్టరుకు బండ్లు రాకపోతే వసూళ్లు పడిపోతున్నాయి, అతను మాకంటే ముందే అందరినీ బతిమాలడం మొదలుపెట్టాడు. పైగా పెళ్లిళ్ల సీజను. బహిష్కరణ సందేశాన్ని అందరికంటే ఉత్సాహంగా పంపినవారిలో ఒకరి ఇంట్లో పెళ్లికి టెంటు, లైట్లు, కుర్చీలు ఇవ్వగలిగిన టెంట్ హౌస్ ఆ తేదీకి పట్టణంలో ఒక్కటే ఖాళీగా ఉంది. యజమాని ఎవరో చెప్పనక్కర్లేదు. అతను రేటు పెంచకుండా సామాను పంపాడు.

దుకాణాలకు మొదట తిరిగి వచ్చింది ఆడవాళ్లు. గాజులూ, బ్లౌజు కుట్టుబడీ నమ్మకమైన చేతిలోనే పెడతారు, ఏ గ్రూపులో ఏ సందేశం వచ్చినా. దీన్ని మేం ప్రణాళిక వేసి సాధించలేదు, ఆపకుండా ఉన్నాం అంతే. శాంతి ర్యాలీ చేసి ముస్లిం వర్తకుల దగ్గర ఫొటోలు దిగుదామని ఒక స్వచ్ఛంద బృందం వస్తే, ఆగమని కోరాం. దుకాణదారుడు ఊరి కళ్లముందు మళ్లీ ఒక మతానికి ప్రతినిధి అయిపోకుండా, గాజులు అమ్మేవాడిగా మిగిలితే చాలనుకున్నాం.

పోలీసుల వైపు జరిగిన ఒక మార్పు కూడా చెప్పాలి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో అనవసరంగా అరెస్టు చేయవద్దన్న 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం విద్యార్థికి నోటీసు ఇచ్చి పంపారు, రిమాండ్ చేయలేదు. ఈ ఘటనకు నెల ముందే, 2025 మార్చి 28న, సుప్రీంకోర్టు ఒక ఎంపీ పంచుకున్న కవిత్వం మీద పెట్టిన కేసులో, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న మాటల నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడం సముచితమని చెప్పింది. ఇక్కడ గుంపు బయట ఉండటంతో ఆ మెట్టు దాటేశారు. ఆ రోజు స్టేషన్ ముందు పరిస్థితి చూసినవాడిగా అధికారిని తప్పుపట్టలేను. కానీ ఎఫ్ఐఆర్ పడ్డాక ప్రతి వారం ఎవరో ఒకరు దాన్ని అడ్డుపెట్టుకుని బేరానికి రావడం చూశాను కాబట్టి, ఆ 14 రోజులు దొరికి ఉంటే మా పని సగం తగ్గేదని మాత్రం అనగలను.

మిగిలిపోయినవి, నేర్చుకున్నవి

అన్నీ చక్కబడలేదు. మొబైల్ రిపేరు చేసే ఒక కుర్రాడు యజమాని నోటీసు వెనక్కి తీసుకున్నా దుకాణం ఖాళీ చేసి వేరే పట్టణానికి వెళ్లిపోయాడు. తిరిగి రమ్మని అడగడానికి వెళితే, "రావొచ్చు గని మళ్లీ ఎక్కడ్నో ఏదో అయితది కదా సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. విద్యార్థి పరీక్షలు రాశాడు. అతని కేసులో ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇది రాసే నాటికి రాలేదు, ఎఫ్ఐఆర్ రద్దు కోసం హైకోర్టులో పిటిషన్ వేసే ఆలోచనలో ఉన్నారు.

ఇలాంటి వివాదం మళ్లీ వస్తే నేను మొదట చూసేది, ఎవరు ఎవరి పనికి జవాబు చెప్పమని అడుగుతున్నారన్నది. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఉమ్మడి ప్రకటన అన్న మాట ఎత్తను. కోర్టు చేతిలో ఉన్నదాన్ని మధ్యవర్తి బల్ల మీద పెట్టనివ్వను. క్షమాపణ చెప్పేవాడి డిఫెన్స్ న్యాయవాదిని మొదటి రోజు నుంచే గదిలోకి తెస్తాను, ఎందుకంటే ఆ జాగ్రత్తను గౌరవించకుండా తెచ్చుకున్న నిజాయితీ కుర్రాడికే ఎదురు తిరుగుతుంది.

ఒక్క విషయంలో హెడ్మాస్టరుకూ నాకూ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఖండన ప్రకటన ఒక్కటి మసీదు గేటు మీద అంటించి ఉంటే బహిష్కరణ వారం ముందే ఆగేదని, ఆ వారం పండ్ల బండ్లవాళ్లు పోగొట్టుకున్న సంపాదనను మా సూత్రం తిరిగి ఇవ్వలేదని ఆయన అంటారు. సంపాదన మాట నిజం, బండ్లవాళ్లలో కొందరు ఆ సంతకం పెట్టేసి ఉంటే బాగుండేదని నాతోనే అన్నారు. నా అభిప్రాయం మారలేదు గానీ, ఆ నష్టాన్ని మేం ముగ్గురం భరించలేదు, వాళ్లు భరించారు. అందుకే వచ్చేసారి ఆ నిర్ణయాన్ని మేం తీసుకోకుండా, బండ్లవాళ్లను, ఇమామ్‌ను విడివిడిగా కూర్చోబెట్టి రెండు దారుల నష్టాలూ చెప్పి, వాళ్లనే అడగాలని ముగ్గురం అనుకున్నాం.